జీడి పరిశ్రమలో పనిచేసే అమ్మకి కళ్లు పొడిబారుతున్నాయి, సలహా ఇవ్వగలరా?

మాది పలాస. అమ్మకి యాభై దాటాయి, జీడిపిక్కల పరిశ్రమలో పని. సాయంత్రానికి కళ్లలో ఇసుక పడ్డట్టు గరగర, మంట, ఆపైన నీళ్లు. నీళ్లు కారుతుంటే పొడిబారడం ఏమిటని అమ్మ నమ్మట్లేదు. కన్ను ఎండిపోతేనే అలా ఊరుతాయని డాక్టరుగారు చెప్పి, కంటికి తడినిచ్చే కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ చుక్కలు రాశారు. వేసిన కాసేపు హాయి, మళ్లీ మామూలే.

పొగ, ముఖానికి కొట్టే ఫ్యాన్ గాలి, ఎలర్జీకి వేసుకునే సెట్రిజిన్, నెలసరి ఆగే వయసు... ఇవన్నీ కారణాలేనట. పని మాన్పించే పరిస్థితి లేదండి. పక్కలు కూడా మూసి ఉండే కళ్లద్దాలు పొగ దగ్గర ఎవరైనా వాడారా? చెమటకి మసకబారవా? రోజుకి నాలుగుసార్లకి మించి వేయాలంటే ప్రిజర్వేటివ్ (పాడవకుండా కలిపే మందు) లేని చుక్కలు మేలంటారు, అవి శ్రీకాకుళంలో దొరుకుతున్నాయా? గోరువెచ్చని గుడ్డతో కాపడం ఎవరికైనా గుణమిచ్చిందా? రాత్రిళ్లు ఆవిడ కళ్లు నులుముకుంటుంటే చూడలేకపోతున్నాను, తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.