ఓట్స్‌కి జాన్సన్ చెప్పిన అర్థం: తెలుగులో నవ్వు ఎక్కడ పోయింది?

ప్రశ్న:
శామ్యూల్ జాన్సన్ 1755లో తెచ్చిన ఇంగ్లీషు నిఘంటువులో ఓట్స్‌కి ఇచ్చిన అర్థాన్ని తెలుగు చేయాల్సి వచ్చింది. ఇలా రాశాను: "యవలు: ఇంగ్లండులో గుర్రాల దాణా, స్కాట్లండులో మనుషుల తిండి." చదివినవాళ్ళు తిట్టులా ఉందంటున్నారు. ఒక్కరూ నవ్వలేదు. ఎక్కడ చెడిందంటారు?

జవాబు:
యవలంటే బార్లీ అండీ. ఓట్స్‌ని ఓట్స్‌గానే ఉంచండి, కిరాణా కొట్లో కూడా ఇప్పుడు అదే మాట.

అసలు చిక్కు "దాణా" దగ్గరుంది. జాన్సన్ రాసింది దాదాపు ఇలా ఉంటుంది: "ఒక ధాన్యం. ఇంగ్లండులో సాధారణంగా గుర్రాలకు పెడతారు. స్కాట్లండులో మాత్రం జనాన్ని పోషిస్తుంది." ఆ "సాధారణంగా" చూడండి, ఎంత పెద్దమనిషి తరహాగా కూర్చుందో! పెదవి కదపకుండా ఏదో పంట వివరం చెబుతున్నట్టే చెప్పాడు. తిట్టు తయారయ్యేది చదివేవాడి బుర్రలో. మీరు దాణా అనేసరికి ఆ పని మీరే చేసిపెట్టారు.

పైగా అందులో అబద్ధం పెద్దగా లేదు. చలీ తడీ ఎక్కువై గోధుమ సరిగ్గా పండని నేలలో కూడా ఓట్స్ పండుతుంది. ఆ కాలపు స్కాట్లండు పల్లెల్లో ఉప్పేసి కాచిన జావ అదే, పెనం మీద కాల్చిన రొట్టె అదే. గొర్రె పొట్టలో కూరి వండే హాగిస్ అనే వంటకంలో వేసేదీ అదే.

ఇంకో సభ్యుడు:
గుర్రాల తిండి అని నవ్వడానికి మనకి మొహం ఎక్కడిది? ఉలవలకి ఇంగ్లీషువాడు పెట్టిన పేరే హార్స్ గ్రామ్. ఉలవచారులో మీగడ వేసుకుని తినేవాడిగా నా ఓటు స్కాట్లండుకే.

అడిగినవారు:
మరి వాళ్ళు ఊరుకున్నారా?

జవాబు:
ఊరుకుంటారా! స్కాట్లండుకు చెందిన లార్డ్ ఎలిబ్యాంక్ అన్నాడని చెప్పే మాట ఒకటుంది: "నిజమే. మరి అలాంటి గుర్రాలు, అలాంటి మనుషులు ఇంకెక్కడ దొరుకుతారు?" మేం ఓట్స్ తినం అనలేదు, మీరూ తింటారుగా అనలేదు. చెప్పిందంతా ఒప్పుకుని, గుర్రాలు మీవి గట్టివి, మనుషులు మావాళ్ళు గట్టివాళ్ళు అని తేల్చేశాడు.

మరో సభ్యురాలు:
మాస్టారూ, ఇది వ్యాజస్తుతి కిందికి రాదూ?

జవాబు:
రాదమ్మా. వ్యాజస్తుతిలో నిందించినట్టుండి పొగిడేది ఒకే నోరు. ఇక్కడ నోళ్ళు రెండు. వక్రోక్తి అందామా అంటే, అందులో ఎదుటివాడి మాటకి వేరే అర్థం లాగాలి. ఎలిబ్యాంక్ అర్థాన్ని ముట్టుకోలేదు.

నిఖార్సైన వక్రోక్తి కావాలంటే 1763 మే 16న లండన్‌లో ఒక పుస్తకాల దుకాణంలో జరిగింది చూడండి. జేమ్స్ బాస్వెల్‌కి అప్పుడు 22 ఏళ్ళు, ఊరు ఎడిన్‌బరా. జాన్సన్‌కి స్కాట్లండువాళ్ళంటే గిట్టదని విని ఉన్నాడు. ఎక్కడివాడో చెప్పొద్దని దుకాణదారుని బతిమాలాడు, ఆయన చెప్పనే చెప్పాడు. పాపం కుర్రాడు కంగారుపడి, "స్కాట్లండు నుంచి వచ్చిన మాట నిజమేనండీ, కానీ ఏం చేయను, తప్పలేదు" అన్నాడు. జాన్సన్ వెంటనే, "అవునయ్యా, మీవాళ్ళు చాలామందికి అది తప్పడం లేదు" అన్నాడు.

బాస్వెల్ ఉద్దేశం అక్కడ పుట్టానని. జాన్సన్ తీసుకున్నది అక్కణ్ణించి వచ్చేశానని. మన "నుంచి వచ్చాను"లో కూడా ఆ రెండూ ఉన్నాయి కాబట్టి శ్లేష చెక్కు చెదరకుండా తెలుగులోకి దిగుతుంది. అదే "మాది స్కాట్లండు" అని రాస్తే పోయినట్టే.

మరో సభ్యుడు:
అందరూ సరదా సరదా అంటున్నారు. 1746లో స్కాట్లండు తిరుగుబాటుదారులు ప్రభుత్వ సైన్యం చేతిలో ఓడిన కలోడెన్ యుద్ధం, ఆ తర్వాత అక్కడి కొండసీమ హైలాండ్స్‌లో జరిగిన అణచివేత. నిఘంటువు వచ్చేనాటికి పదేళ్ళు కూడా కాలేదు. దెబ్బ తిన్నవాళ్ళ తిండి మీద జోకు వేస్తే అది స్నేహమెలా అవుతుంది?

జవాబు:
మీ మాట కొట్టిపారేయలేను. లండన్‌లో అప్పట్లో స్కాట్లండువాళ్ళ మీద ఉన్న కసి ఉత్త వేళాకోళం కాదు. అయితే జాన్సన్ విషయంలో మాత్రం లెక్క వేరుగా తేలుతుంది. నిఘంటువుకి ఆయన పెట్టుకున్న ఆరుగురు రాతగాళ్ళలో ఐదుగురు స్కాట్లండువాళ్ళే. పెన్షన్ అంటే దేశద్రోహానికి ఇచ్చే కూలి అన్న ధోరణిలో అదే నిఘంటువులో అర్థం రాసిన మనిషి, 1762లో తనే ఏడాదికి 300 పౌండ్ల పెన్షన్ తీసుకున్నాడు. అది ఇచ్చిన ప్రభుత్వానికి ప్రధాని లార్డ్ బ్యూట్, ఆయనదీ ఎడిన్‌బరానే! చివరికి జాన్సన్ జీవితచరిత్ర రాసి, ఈ ఎత్తిపొడుపులన్నీ మనదాకా చేర్చింది ఆ పుస్తకాల కొట్లో కంగారుపడ్డ కుర్రాడు బాస్వెలే. తనకి తగిలిన దెబ్బని కూడా దాచుకోలేదు.

1773లో ఇద్దరూ కలిసి స్కాట్లండంతా తిరిగారు. అబర్డీన్‌లో బార్లీ, బఠాణీలు వేసిన స్కాచ్ సూపు పెడితే జాన్సన్ పళ్ళేల మీద పళ్ళేలు లాగించాడు. ఇదివరకు ఎప్పుడూ తినలేదా అని అడిగితే, "లేదు, మళ్ళీ ఎంత త్వరగా పెట్టినా నాకు అభ్యంతరం లేదు" అన్నాడట. మీ "యవలు" ఇక్కడ వాడుకోవచ్చు.

అడిగినవారు:
హ హ, వాడేస్తాను. ఓట్స్ గురించి మాత్రం బాస్వెల్ ఏమీ అనలేదా?

జవాబు:
1776 దాకా ఆగాడు. ఆ ఏడు జాన్సన్ పుట్టిన ఊరు లిచ్‌ఫీల్డ్ వెళ్ళారు. ఇంగ్లండు నడిబొడ్డు. పొద్దున్నే ఫలహారానికి ఓట్స్ రొట్టెలు వచ్చాయి, మెత్తగా. డాక్టర్ జాన్సన్ సొంత ఊళ్ళోనే గుర్రాల తిండి జనానికి ఇంతగా పనికొస్తుండటం చూసి ముచ్చటేసింది అని పుస్తకంలో రాసుకున్నాడు.