సమస్య: "తనయ పుట్టిన పిమ్మటఁ దల్లి పుట్టె"

సంచాలకుడు: నిన్న రాత్రి వాతావరణ నమూనా ఒకదానిని సోర్స్ నుంచి కంపైల్ చేస్తూ, ఏది ముందో ఏది వెనుకో తేలక తల పట్టుకొని కూర్చున్న వేళ తట్టిన పాదమిది. డిపెండెన్సీలకే (ఒక ప్రోగ్రాము ఆధారపడే ఇతర ప్రోగ్రాములకూ లైబ్రరీలకే) అన్వయించండి, పురాణాలలోకి పారిపోయిన పూరణలను స్వీకరించను.

కొల్లేటికొంగ:
నెట్సిడీయెఫున్ ముందుగ నేను కూర్చఁ
బాత హెచ్డీయెఫైదుతో బంధమయ్యె;
దానిఁ దొలఁగించి క్రొత్తది తగ నమర్ప
తనయ పుట్టిన పిమ్మటఁ దల్లి పుట్టె.

నెట్‌సీడీఎఫ్‌ను (దత్తాంశపు ఫైళ్లను చదివి రాసే లైబ్రరీని), దానికి తల్లి అయిన హెచ్‌డీఎఫ్5 లైబ్రరీ 1.10.4 హెడర్లతో (ప్రకటనల ఫైళ్లతో) కూర్చి, ఆపైన అదే ప్రిఫిక్స్‌లో (స్థాపించే ఫోల్డరులో) 1.10.5 దించినందుకు, ప్రోగ్రాము మొదలుపెట్టగానే హెడర్లు ఒకటి, లైబ్రరీ ఇంకొకటి అని మొత్తుకొని ఆగిపోయిన రోజున నేను పడిన పాట్లే ఈ పద్యం.

పిడుగుపద్యం: కొంగగారు ఈసారి నిజంగానే చేపను పట్టారు. అయితే మొదటి పాదాంతంలో "కూర్చఁ బాత" అని సరళాదేశం (ద్రుతం తరువాతి పకారం బకారం కావడం) చక్కగా పాటించినవారు, మూడవ పాదాంతంలో "అమర్ప తనయ" అని వదిలేయడమేమిటి? రెండూ ద్రుతాంతాలే (నకారంతో ముగిసేవే) కదా! "అమర్పఁ దనయ" అంటే యతికీ లోటు రాదు.

మేడిపండు: ఆ వెర్షన్ తనిఖీని ఆపే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు 2 అని విలువ ఇచ్చి తల్లి నోరు నొక్కవచ్చు గాని, దత్తాంశం పాడైతే అడిగే దిక్కుండదు. నెట్‌సీడీఎఫ్‌ను మళ్లీ కూర్చడమే మేలు.

పిడుగుపద్యం: ఇక నా పూరణ.
పాత కంపైలరుదరానఁ బాప కలిగె;
నామె యదె మూలకృతి నుండి యమ్మఁ గనియె;
మూఁడవది దాని పోలిక ముద్దుగుమ్మ;
తనయ పుట్టిన పిమ్మటఁ దల్లి పుట్టె.

జీసీసీ అనే కంపైలరు తనను తాను మూడు దశలలో కూర్చుకుంటుంది. రెండవ, మూడవ దశల ఆబ్జెక్ట్ ఫైళ్లు ఒకదానికొకటి సరిపోలితేనే కూర్పు నెగ్గినట్లు.

కొల్లేటికొంగ: నా ద్రుతాన్ని వెతికిన కళ్లకు "కంపైలరుదరం" అనే వైరిసమాసం (అన్యదేశ్యానికి సంస్కృతపదం అతికిన దోషం) కనబడలేదా? పైగా పాత కంపైలరే తల్లి అయితే, తల్లి మొదటి పాదంలోనే పుట్టేసింది, ఇక విరోధమెక్కడ? వీరు గత నెల "కంటి కెదురుగ నున్నది కానరాదు" అన్న సమస్యకు, ప్రోగ్రాముకు కావలసిన లైబ్రరీలను చూపే ఎల్‌డీడీ "నాట్ ఫౌండ్" అన్నప్పుడల్లా ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌ను (లైబ్రరీలను ముందుగా వెతికే దారిని) లాగిన్ ఫైలులో రాసుకోమని ఉపదేశించారు. ఆ ఉపదేశాన్ని నమ్మిన నాకు, ఆ దారిలో ముందుగా దొరికిన పాత సీ++ లైబ్రరీ లిబ్‌ఎస్‌టీడీసీ++ వల్ల, జీఎల్‌ఐబీసీఎక్స్‌ఎక్స్_3.4.21 (దాని కొత్త వెర్షన్ గుర్తు) లేదంటూ సంబంధం లేని ప్రోగ్రాములు సైతం మొరాయించాయి. లింక్ చేసేటప్పుడే, ప్రోగ్రాము లోపల లైబ్రరీ దారిని నిలిపే ఆర్‌పాత్ రాయమని చెప్పి ఉంటే ఆ పద్యానికి నేనే చప్పట్లు కొట్టేవాణ్ణి.

పిడుగుపద్యం: ఆ పద్యంలో ఆర్‌పాత్‌కు గణం కుదరలేదు, అంతే. విరోధం విషయానికొస్తే, ఇక్కడ తల్లి అంటే రెండవ దశ; మూడవదానిని కన్నది అదే. తనయ అయిన మొదటి దశ దానికంటే ముందే పుట్టింది గదా!

సంచాలకుడు: అన్వయం ఒప్పుకుంటున్నాను. సమాసదోషం పోవాలంటే మొదటి పాదాన్ని "పాత కంపైల రొక్కటి పాపఁ గాంచె" అని మార్చండి.

పిడుగుపద్యం: మార్చాను. కొంగగారు "అమర్పఁ దనయ" అని దిద్దారేమో కూడా చూడండి.