ప్రతిపక్షాల పొత్తు మీద వ్యంగ్య నాటిక రాయాలంటే: సీట్ల సర్దుబాటు అసలెక్కడ చెడుతుంది?

ప్రశ్న (అరుగుమీద)

లోక్‌సభ ఎన్నికల ముందు ప్రతిపక్షాల పొత్తుల మీద ఓ ఇరవై నిమిషాల వీధి నాటిక రాస్తున్నాను. ఇప్పటిదాకా వచ్చినవన్నీ ఒకే మూసలో ఉన్నాయి. మధ్యలో కుర్చీ, చుట్టూ అయిదారుగురు ప్రధాని అభ్యర్థులు, చివర్లో తోపులాట. జనం నవ్వుకుని ఇంటికెళ్తారు గానీ, ప్రతిపక్షం ఒక చోట ఎందుకు గెలిచింది, ఇంకో చోట ఎందుకు చతికిలబడింది అన్నది ఒక్క ముక్క కూడా తెలియదు. వ్యంగ్యం అంటే చూసేవాడికి విషయం తెలియాలి అని నా పట్టుదల.

పొత్తు ప్రకటించి చేతులు కలిపి ఫొటో దిగిన తర్వాత కింద ఏం జరుగుతుంది? ఏ కాగితం దగ్గర, ఏ రోజున తేడా కొడుతుంది? నిజంగా జరిగిన ఉదాహరణలు చెప్పండి. ఎన్నికల సమయంలోనే ఆడితే చట్టపరంగా ఏం చూసుకోవాలో కూడా చెబితే మేలు.

జవాబు (బీఫారం)

మీ కథకు చోటు నామినేషన్లు తీసుకునే రిటర్నింగ్ అధికారి (ఆర్వో) గది. కాలం, నోటిఫికేషన్ వచ్చిన రోజు నుంచి ఉపసంహరణ గడువు దాకా. ఆంధ్రప్రదేశ్‌లో 2024 తేదీలు చూడండి: ఏప్రిల్ 18న నోటిఫికేషన్, 25న నామినేషన్లకు ఆఖరు, 26న పరిశీలన, 29న ఉపసంహరణ గడువు, మే 13న పోలింగ్. పొత్తు నిలబడేదీ కూలేదీ ఈ పన్నెండు రోజుల్లోనే. అంతకు ముందు జరిగేదంతా మాటలే.

మొదట ఏ-ఫారం, బీ-ఫారం తేడా పట్టుకోండి. పార్టీ తరఫున టికెట్లు ఇచ్చే అధికారం ఎవరిదో ఏ-ఫారం చెబుతుంది. ఫలానా నియోజకవర్గంలో మా అభ్యర్థి ఫలానా వ్యక్తి అని బీ-ఫారం చెబుతుంది. రెండూ సిరా సంతకంతో ఉండాలి, రబ్బరు స్టాంపు చెల్లదు. నామినేషన్ల ఆఖరి రోజు మధ్యాహ్నం 3 గంటలలోపు ఆర్వోకు చేరాలి. ఆ గంట దాటేలోపు ఒకరికిచ్చిన బీ-ఫారం రద్దు చేసి మరొకరికి ఇవ్వొచ్చు. దాటాక పార్టీ అధ్యక్షుడు స్వయంగా వచ్చి నిలబడ్డా గుర్తు మారదు.

అంటే 3 గంటల తర్వాత పొత్తు కుదిరితే దాన్ని అమలు చేసే తాళం పార్టీ దగ్గర ఉండదు, అభ్యర్థి జేబులో ఉంటుంది. ఉపసంహరణ పత్రం మీద అతను సంతకం పెట్టాలి. తనే తెచ్చి ఇవ్వాలి, లేదా రాతపూర్వకంగా అధికారం ఇచ్చి ప్రతిపాదకుడితోనో (నామినేషన్ మీద అతని పేరు ప్రతిపాదిస్తూ సంతకం చేసిన ఓటరు) ఎన్నికల ఏజెంటుతోనో పంపాలి. అతను ఫోన్ ఎత్తకపోతే అంతే సంగతులు.

ఇది 2024లో రాజస్థాన్‌లోని బాన్స్‌వాడాలో అక్షరాలా జరిగింది. కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ వేసేశాక పార్టీ భారత్ ఆదివాసీ పార్టీకి మద్దతు ప్రకటించింది. సొంత అభ్యర్థి తప్పుకోలేదు. హస్తం గుర్తు యంత్రం మీద అలాగే ఉండిపోయింది. తన గుర్తుకే ఓటేయొద్దని కాంగ్రెస్ నాయకులు ఊరూరా చెప్పుకోవాల్సి వచ్చింది. అయినా ఆదివాసీ పార్టీ అభ్యర్థే గెలిచారు, అది వేరే సంగతి. మీ నాటికకు ఇంతకన్నా మంచి రంగం దొరకదు, ఒక్క మాట కూడా కల్పించక్కర్లేదు.

మరో మూడు ఉన్నాయి, మూడూ అదే ఎన్నికవి. మధ్యప్రదేశ్‌లోని ఖజురహోను పొత్తులో సమాజ్‌వాదీ పార్టీకి వదిలారు. ఒకచోట సంతకం లేదని, జతచేసిన ఓటర్ల జాబితా నకలు పాతదని నామినేషన్ కొట్టేశారు. కూటమి నిలబెట్టిన అభ్యర్థే అక్కడ పోటీలో లేకుండా పోయాడు. గుజరాత్‌లోని సూరత్‌లో ప్రతిపాదకులు ఆ సంతకాలు మావి కావన్నారు. కాంగ్రెస్ అభ్యర్థి పత్రాలూ, ప్రత్యామ్నాయ అభ్యర్థి పత్రాలూ రెండూ పోయాయి. మిగిలినవాళ్లు తప్పుకున్నారు, బీజేపీ అభ్యర్థి ఏకగ్రీవమయ్యారు. ఇందోర్‌లో కాంగ్రెస్ అభ్యర్థి ఉపసంహరణ ఆఖరి రోజున తప్పుకుని బీజేపీ వైపు వెళ్లిపోయారు. అక్కడ నోటాకు 2,18,674 ఓట్లు పడ్డాయి.

పార్టీలు ఇక్కడ చేసే తప్పు ఒక్కటే. టికెట్ ఆఖరి రెండు రోజుల్లో ఇస్తారు. దాంతో పత్రాలు సరిచూసే వ్యవధి ఉండదు. ఒక అభ్యర్థి నాలుగు సెట్ల దాకా నామినేషన్ వేయొచ్చు. గుర్తింపు పొందిన పార్టీకి సెట్టుకు ఒక ప్రతిపాదకుడు చాలు, మిగతావాళ్లకు పదిమంది కావాలి. ఆ నియోజకవర్గ ఓటర్లే అయి ఉండాలి. అభ్యర్థి వేరే నియోజకవర్గం ఓటరైతే అక్కడి జాబితా ధ్రువీకరించిన నకలు జత చేయాలి. ఆస్తులు, కేసుల వివరాలిచ్చే ఫారం 26 అఫిడవిట్‌లో ఏ గడీ ఖాళీగా వదలకూడదు. వర్తించకపోతే 'లేదు' అనో 'వర్తించదు' అనో రాయాలి. డిపాజిట్ 25 వేలు, ఎస్సీ, ఎస్టీలకు 12,500. నాలుగు సెట్లనూ వేర్వేరు ప్రతిపాదకులతో, ఆఖరి రోజుకు రెండు రోజుల ముందే వేసిన అభ్యర్థిని పడగొట్టడం చాలా కష్టం.

జవాబు (ఏడుసెగ్మెంట్లు)

బీఫారం గారు చెప్పింది చివరి అంకం. దానికి ముందు బేరం ఎలా సాగుతుందో తెలియకపోతే ఆ అంకం అర్థం కాదు.

సర్దుబాటు బల్ల మీదకు ప్రతి పార్టీ ఒక జాబితా తెస్తుంది. సిట్టింగ్ స్థానం సిట్టింగ్ పార్టీకే అన్నది మొదటి సూత్రం, దాని మీద పెద్దగా గొడవ ఉండదు. రెండో స్థానంలో నిలిచిన చోట్లు తర్వాత. ఆపైన లోక్‌సభ స్థానం కింద ఉన్న అసెంబ్లీ సెగ్మెంట్లలో (ఆంధ్రలో ఒక్కో ఎంపీ సీటుకు ఏడు) ఎవరికి ఎన్నింటిలో ఆధిక్యం వచ్చిందో చూస్తారు. పేచీ అంతా, ఒక భాగస్వామి గెలిచి ఇంకో భాగస్వామి రెండో స్థానంలో ఉన్న చోట వస్తుంది. ఆ చోట సీటు వదులుకున్న పార్టీ ఓటరు ఎదుటి భాగస్వామికి వేయడు, మూడో పార్టీ వైపు పోతాడు. అతనికి రోజూ కనిపించే ప్రత్యర్థి ఆ భాగస్వామే మరి.

అందుకే 2024లో పంజాబ్‌లో కాంగ్రెస్, ఆమ్ ఆద్మీ విడివిడిగా పోటీ చేయడాన్ని పొత్తు వైఫల్యం అని ఎగతాళి చేయడం నాకు సబబుగా అనిపించదు. అక్కడ అధికార పార్టీ, ప్రధాన ప్రతిపక్షం రెండూ వాళ్లే. కలిసి ఉంటే ప్రభుత్వ వ్యతిరేక ఓటు మొత్తం బయటివాళ్లకు పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టయ్యేది. విడిగా నిలబడి 13లో కాంగ్రెస్ 7, ఆమ్ ఆద్మీ 3 గెలిచాయి. ఢిల్లీలో అదే రెండు పార్టీలు ఆమ్ ఆద్మీ 4, కాంగ్రెస్ 3 చొప్పున పంచుకుని కలిసి పోటీ చేసి ఏడింటికి ఏడూ పోగొట్టుకున్నాయి. రెండు పక్క పక్క రంగాలుగా పెట్టండి.

ఉత్తరప్రదేశ్‌ను కూడా జతగా చూడాలి. 2019లో బీఎస్పీ 38, ఎస్పీ 37, రాష్ట్రీయ లోక్‌దళ్ 3 చోట్ల నిలబడ్డాయి. అమేఠీ, రాయ్‌బరేలీ కాంగ్రెస్‌కు వదిలేశారు. కాగితం మీద లెక్క భేషుగ్గా ఉంది. గెలిచింది బీఎస్పీ 10, ఎస్పీ 5. అంతకు ముందు 2014లోనూ ఎస్పీకి అయిదే, బీఎస్పీకి సున్నా. అంటే పొత్తు వల్ల లాభం ఒకరికే వచ్చింది, ఫలితాల తర్వాత కొద్ది వారాలకే పొత్తు పోయింది. 2024లో ఎస్పీ 62, కాంగ్రెస్ 17, తృణమూల్ 1. ఈసారి ఎస్పీ 37, కాంగ్రెస్ 6 గెలిచాయి. తేడా ఎక్కడ? ఎస్పీ తన ప్రధాన సామాజిక వర్గానికి టికెట్లు బాగా తగ్గించి ఇతర బీసీ కులాలకూ దళితులకూ పంచింది. జనరల్ స్థానమైన ఫైజాబాద్‌లో దళిత అభ్యర్థిని నిలబెట్టి గెలిచింది. పొత్తు భాగస్వామి ఎవరన్నదానికన్నా టికెట్ ఎవరికిచ్చారన్నది ఎక్కువ పనిచేసింది.

మన దగ్గరి ఉదాహరణ కావాలంటే ఆంధ్రప్రదేశ్ 2024. అప్పుడు రాష్ట్రంలో ప్రతిపక్షం తెలుగుదేశం, జనసేన. ఫిబ్రవరిలో జనసేనకు 24 అసెంబ్లీ, 3 లోక్‌సభ అన్నారు. బీజేపీ వచ్చి చేరాక అవి 21, 2 అయ్యాయి. తెలుగుదేశం 144 అసెంబ్లీ, 17 లోక్‌సభ, బీజేపీ 10, 6. తగ్గించుకున్న పార్టీ 21కి 21, 2కి 2 గెలిచింది. సీటు ఒకరికి, బలమైన అభ్యర్థి మరొకరికి ఉన్న చోట సీటును కదపకుండా అభ్యర్థినే పార్టీ మార్చారు. అనపర్తి బీజేపీకి వెళ్తే అక్కడి తెలుగుదేశం నాయకుడు కమలం కండువా కప్పుకుని నిలబడ్డారు. భీమవరంలో తెలుగుదేశం మాజీ ఎమ్మెల్యే జనసేనలో చేరి గాజు గ్లాసు మీద గెలిచారు. సిద్ధాంతం సంగతి ఎలా ఉన్నా రెబల్ బెడద తప్పింది.

గ్లాసు గొడవ కూడా వదలకండి. జనసేన అప్పటికి గుర్తింపు పొందిన పార్టీ కాదు, కనుక గాజు గ్లాసు స్వేచ్ఛా చిహ్నాల జాబితాలో ఉంది. జనసేన పోటీ చేయని చోట్ల స్వతంత్రులు దాన్ని అడిగి తీసుకున్నారు. పొత్తు అని విన్న ఓటరు సైకిల్ పక్కన గ్లాసు కూడా చూస్తే ఏది నొక్కాలి? విషయం హైకోర్టు దాకా వెళ్లింది. చిన్న భాగస్వామితో పొత్తు పెట్టుకునే ప్రతి పార్టీ మొదట అడగాల్సింది సీట్ల సంఖ్య కాదు, గుర్తు ఖరారైందా అని.

అరుగుమీద

ఇద్దరికీ ధన్యవాదాలు. ఓటు బదిలీ అన్నది వేదిక మీద ఎలా చూపించాలి? అంకెలు చదివితే జనం లేచి పోతారు.

జవాబు (17సీ)

పోలింగ్ బూత్‌లో చూపించండి. పొత్తు నిజమా కాదా అన్నది ఉదయం అయిదున్నరకి తెలిసిపోతుంది. పోలింగ్ ఏడింటికైతే గంటన్నర ముందు మాక్ పోల్ మొదలవుతుంది, ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లు వేసి, లెక్క సరిచూసి, చెరిపేసి సీలు వేస్తారు. అభ్యర్థి తరఫున ఫారం 10 (ఏజెంటు నియామక పత్రం) మీద ఒక ఏజెంటు, మార్చుకోవడానికి ఇంకో ఇద్దరు. లోపల కూర్చునేది మాత్రం ఒక సమయానికి ఒక్కరే.

మూడు పార్టీల పొత్తులో ఆ ఒక్కరు ఎవరు? సీటు దక్కిన పార్టీ తనవాడినే పెడుతుంది. ఆ ఊళ్లో తనకు మనిషి లేకపోతే బూత్ ఖాళీ. పక్క భాగస్వామికి ఊరంతా తెలిసిన కార్యకర్త ఉన్నా ఫారం అతని పేరున రాయరు, లెక్కలు బయటపడతాయని అనుమానం. అతను బడి గోడ బయట చేతులు కట్టుకుని నిలబడతాడు. తన వీధిలోవాళ్లను ఓటుకు తీసుకురాడు. ఓటు బదిలీ కాకపోవడం అంటే చాలా చోట్ల ఇదే, అటు వేయడం కాదు, రాకపోవడం. సాయంత్రం ప్రిసైడింగ్ అధికారి ఎన్ని ఓట్లు పోలయ్యాయో రాసి ఫారం 17సీ నకలు ఏజెంటుకు ఇస్తాడు. ఏజెంటు లేని బూత్‌లో ఆ కాగితం తీసుకునేవాడు ఉండడు. ఆ తర్వాత లెక్కల మీద అనుమానం అన్నా చేతిలో ఆధారం లేదు.

కాబట్టి ఒక ఫారం 10, మూడు కండువాలు, ఒక తలుపు. అంకెలు అక్కర్లేదు.

జవాబు (నంద్యాల77)

చరిత్ర కోసం ఒక్క మాట. 1977ను 'అందరూ ఏకమైతే గెలుస్తారు' అనడానికి వాడతారు. జనవరి 18న ఎన్నికల ప్రకటన వస్తే 23న జనతా పార్టీ ఏర్పడింది. అంత తక్కువ వ్యవధిలో కొత్త గుర్తు కుదరదు గనుక చాలా రాష్ట్రాల్లో భారతీయ లోక్‌దళ్ గుర్తు మీదే పోటీ చేశారు. ఒక్క గుర్తు కావడమే వాళ్ల బలం. కానీ అదే ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లో కాంగ్రెస్ 42లో 41 గెలిచింది, జనతాకు దక్కింది నంద్యాలలో నీలం సంజీవరెడ్డి గారి సీటు ఒక్కటే. 1989లోనూ అంతే. నేషనల్ ఫ్రంట్ ఛైర్మన్ ఎన్టీఆర్, ఢిల్లీలో ఫ్రంట్ ప్రభుత్వం వచ్చింది, తెలుగుదేశానికి మాత్రం 42లో 2. 1971లో ఇందిరకు ఎదురుగా నాలుగు పార్టీలు ఏకమై ఓడాయి, ఆమెకు 352 వచ్చాయి. దేశమంతటికీ ఒకే కథ చెబితే అది అబద్ధమవుతుంది.

జవాబు (సెక్షన్126)

చట్టం సంగతి, నాటికకు నేరుగా తగిలేది ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 126. పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటల్లో ఆ ప్రాంతంలో సంగీత కచేరీ, నాటక ప్రదర్శన, మరే వినోద కార్యక్రమంతోనైనా ఎన్నికల విషయం ప్రచారం చేయకూడదు. నాటకం అన్న మాట చట్టంలోనే ఉంది. శిక్ష రెండేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పోలింగ్ విడతలవారీగా ఉంటే పక్క జిల్లాకు తేదీ వేరే అవుతుంది, ప్రదర్శనల జాబితా వేసేముందు చూసుకోండి.

కరపత్రం వేస్తే 127ఏ ప్రకారం ముద్రించినవారి, ప్రచురించినవారి పేర్లూ చిరునామాలూ దాని మీద ఉండాలి. ప్రచురించేవారు ఇద్దరు సాక్షులతో డిక్లరేషన్ రాసి ప్రెస్‌కు ఇవ్వాలి. ఫలానా అభ్యర్థికి ఓటేయండి అన్న ముగింపు పెట్టొద్దు. అభ్యర్థి అనుమతి లేకుండా అతని కోసం ఖర్చు పెట్టినట్టవుతుంది, భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 176 కిందికి వస్తుంది. అభ్యర్థి వ్యక్తిగత జీవితం మీద అబద్ధం పలికితే 175. కులం, మతం పేరుతో వర్గాల మధ్య ద్వేషం రెచ్చగొడితే ప్రజాప్రాతినిధ్య చట్టంలో 126 పక్కనున్న 125, అది మూడేళ్ల దాకా. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు మైకు ఉండకూడదు, మిగతా సమయంలో కూడా పోలీసు అనుమతి కాగితం చేతిలో పెట్టుకోండి.

పైన చెప్పిన బాన్స్‌వాడా, ఖజురహో లాంటివి పేర్లతో సహా వాడుకోవచ్చు, అవి బహిరంగంగా జరిగినవి. అభ్యర్థి ఎందుకు తప్పుకున్నాడన్న కారణం మాత్రం మీరు కల్పించి అతని నోట పెట్టకండి. తప్పుకోలేదు, లేదా తప్పుకున్నాడు అన్నంతవరకే రాయండి.