మొగులు చూసి ఫోటోలకు ఎదురుపోవడం సరదానా, తప్పా?

కాజీపేట కెమెరా:
నిన్న నా ఫోటో కింద ఒకరు "చావుకు ఎదురుపోతున్నావు" అన్నారు, అందుకే విడిగా అడుగుతున్నా. ఎండాకాలం సాయంత్రాలు కరీంనగర్ దిక్కు మొగులు నల్లగా లేస్తే కారు తీసి ఫోటోలకు పోతా, మూడేళ్లుగా ఇదే పని. కానీ మొగులు చూసి అప్పటికప్పుడు బయల్దేరను. మధ్యాహ్నమే హైదరాబాద్ రాడార్ చిత్రం, వాతావరణ శాఖ మూడు గంటల హెచ్చరిక చూస్తా. వాన ఎటు కదులుతుందో తెలిశాక, దాని దారికి పక్కన నిలబడే చోటు, వెనక్కి వచ్చే రోడ్డు రెండూ దొరికితేనే వెళ్తా. మెరుపు మెరిశాక 30 లెక్కపెట్టేలోపు ఉరుము వినపడిందంటే పిడుగు 10 కిలోమీటర్ల లోపే ఉన్నట్టు, ఇక కెమెరా లోపల పెట్టి అద్దాలు ఎక్కిస్తా. ఇందులో తప్పేముంది?

పరకాల రైతుబిడ్డ:
తప్పుంది అన్నా. పోయిన యాసంగిలో కొనుగోలు సెంటర్‌లో వడ్లు పోసి కాంటా కోసం కూర్చున్నాం. గాలి దుమారం లేచింది. పట్టా ఒక కొస మీద అమ్మ కూర్చుంది, ఇంకో కొస మీద నేను రాళ్లు పెడుతుంటే పట్టా చేతులు కోసుకుంటూ లేచిపోయింది. రోడ్డు మీద ఒకాయన కారు ఆపుకొని, ఫోన్ పైకెత్తి మా మీదున్న మొగులునే తీస్తున్నాడు. ఆ వడ్లు మొలకలెత్తాయి. అది మీరు కాకపోవచ్చు, కానీ ఇట్లాంటి ఫోటో చూసినప్పుడల్లా నాకు ఆ కారే గుర్తొస్తుంది.

ములుగు రోడ్డు:
నాకు భయం ఈ లెక్కల మీదున్న నమ్మకం చూసి. 2013 మే 31న అమెరికాలో ఎల్ రెనో దగ్గర టిమ్ సమరస్, ఆయన కొడుకు, ఇంకో సహచరుడు టోర్నడోలో చనిపోయారు. టోర్నడోల దారిలో పరికరాలు పెట్టి కొలిచిన మనిషి ఆయన. అది ఉన్నట్టుండి దిక్కు మార్చి 4 కిలోమీటర్ల వెడల్పు అయ్యేసరికి అంత అనుభవమూ పనికిరాలేదు. అక్కడైతే చదును నేల, ఎటు చూసినా ఆకాశమే. మన దగ్గర తాడ్వాయి అడవిలో 2024 ఆగస్టు 31న గాలివానకు వేల చెట్లు కూలాయి, ఆ రోడ్డు మీద ఉంటే అద్దాలు ఎక్కించి ఏం లాభం? 2023 జూలైలో లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది, మోరంచపల్లి మునిగింది. మీరు పోయేటప్పుడు ఉన్న రోడ్డు వచ్చేటప్పుడు ఉంటుందని ఎవరు చెప్పాలి?

హన్మకొండ స్టూడెంట్:
అన్నా, నాకు కారు లేదు. బైక్ మీద ధర్మసాగర్ కట్ట దాకా పోతే ఓకేనా?

కాజీపేట కెమెరా:
వద్దు తమ్ముడూ, అస్సలు వద్దు. కట్ట మీద అందరికన్నా ఎత్తుగా ఉండేది నువ్వే, పిడుగుకు బైక్ ఏమీ అడ్డం కాదు. ఇంటి డాబా నుంచి కూడా ఉరుము వినపడనప్పుడే తీయి, ఫోన్‌లో పిడుగుల హెచ్చరిక ఇచ్చే దామిని యాప్ పెట్టుకో.
ములుగు రోడ్డు గారూ, అడవి రోడ్ల సంగతి ఒప్పుకుంటున్నా, వానాకాలంలో నేను పోను కూడా. చీకటి పడ్డాక పోను, ఎందుకంటే ఏది వాన, ఏది మొగులు అని కంటికి తెలియదు. నాలుగుసార్లు తయారైతే మూడుసార్లు ఇంట్లోనే ఉండిపోతా, ఇంటావిడను అడగండి. అయినా ఈ సరదానే తప్పంటే ఒప్పుకోను. 40 కిలోమీటర్ల అవతల లేచిన మొగులును ముందు చూసేది మాలాంటి వాళ్లే.
పరకాల తమ్ముడూ, ఆ కారు నాది కాదు, కానీ సెంటర్ల ముందు నుంచి ఆగకుండా పోయిన రోజులు నాకూ ఉన్నాయి, నీ పోస్టు చదివాక రాత్రి అదే గుర్తొచ్చింది. మీ ఊరి పేరు మెసేజ్ పెట్టు, మొగులు అటు కదిలితే ముందు నీకే ఫోన్ చేస్తా.

పరకాల రైతుబిడ్డ:
పంపాను అన్నా. ఫోన్ చేసినా చేయకపోయినా, ఆ రోడ్డు మీద కారు ఆపితే మాత్రం దిగి ఒక కొస పట్టాలి.