నానోఫ్లూయిడ్‌కి టూ-ఫేజ్ కావాలా, సింగిల్ ఫేజ్ చాలదా?

మెష్‌మేస్త్రి: సిమ్యులేషన్ చేయాల్సిన నానోఫ్లూయిడ్ (నానో కణాలు కలిపిన ద్రవం) కేసు ఇదీ. నీళ్లలో 40 నానోమీటర్ల అల్యూమినా, ఘనపరిమాణంలో 4 శాతం. గొట్టం వ్యాసం 4 మి.మీ., పొడవు మీటరు, వేగం సెకనుకు 0.1 మీటరు, గోడ పొడవునా ఒకే హీట్ ఫ్లక్స్ (చదరపు మీటరుకు సెకనుకు అందే వేడి). నా ఓటు సింగిల్ ఫేజ్‌కే, అంటే కణాలూ నీళ్లూ కలిపి ఒకే ద్రవంగా లెక్కించడానికే; టూ-ఫేజ్ అయితే రెండిటినీ విడివిడిగా లెక్కించాలి. స్టోక్స్-ఐన్‌స్టీన్ సూత్రం వేస్తే కణం డిఫ్యూజన్ (దానంతటదే చెదరడం) గుణకం సుమారు 1.3×10⁻¹¹ చ.మీ./సె. ఆ నడకతో గోడ నుంచి మధ్యకు చేరాలంటే మూడున్నర రోజులు. గొట్టంలో ఉండేదేమో పది సెకన్లు!

కణంవెంట: నానోఫ్లూయిడ్‌లకు బ్వాన్‌జోర్నో 2006లో ఇచ్చిన మోడల్ సంగతేంటి మరి? బ్రౌనియన్ (కణాల అడ్డదిడ్డపు కదలిక), థర్మోఫోరెసిస్ (వేడి వైపు నుంచి చల్లని వైపు జరగడం) రెండూ వదిలేస్తారా?

మెష్‌మేస్త్రి: కణాలు చెదరడం వల్ల మోసుకెళ్లే వేడి లెక్కలోకి రాదని ఆయనే తేల్చారండీ. ఆయన వాదన టర్బులెంట్ (సుళ్లు తిరిగే) ప్రవాహంలో గోడ పక్క పొర విస్కాసిటీ (జిగట) గురించి. ఇక్కడ రేనాల్డ్స్ సంఖ్య (ప్రవాహం జడత్వానికీ జిగటకూ నిష్పత్తి) 500 కూడా దాటదు, అంటే లామినార్, సుళ్లు లేని సాఫీ ప్రవాహం.

వేడిలెక్క: లాగ్రాంజియన్ ట్రాకింగ్ (ఒక్కో కణం దారిని విడిగా లెక్కించడం) పెట్టేవాళ్లకో మాట. ఈ కణం రిలాక్సేషన్ టైమ్ (నీటి వేగాన్ని అందుకోడానికి పట్టే సమయం) 0.4 నానోసెకను. ఎక్స్‌ప్లిసిట్ పద్ధతిలో (ఇప్పటి విలువల నుంచే తర్వాతి విలువ లెక్కించే పద్ధతి) టైమ్ స్టెప్ అంతకంటే బాగా తగ్గించకపోతే కణం వేగం ఒక్కసారిగా పేలిపోతుంది. పది సెకన్ల ప్రయాణానికి ఎన్ని స్టెప్పులో మీరే వేసుకోండి.

అసలు తప్పులు ప్రాపర్టీల దగ్గరే. విశిష్టోష్ణాన్ని ఘనపరిమాణం వాటాతో కలిపేస్తున్నారు. అలా చేస్తే కిలోకు, కెల్విన్‌కు 4040 జౌల్స్ వస్తుంది. కలపాల్సింది సాంద్రత × విశిష్టోష్ణం. అప్పుడు సుమారు 3700. తొమ్మిది శాతం తేడా అక్కడే. ఉష్ణవాహకతకు మాక్స్‌వెల్ సూత్రం చాలు, 12 శాతం పెరుగుదల ఇస్తుంది. విస్కాసిటీని మాత్రం ఐన్‌స్టీన్ సూత్రానికి వదలకండి, మీ శాంపిల్‌నే కొలవండి.

కణంవెంట: కానీ పేపర్లలో హీట్ ట్రాన్స్‌ఫర్ అంతకంటే ఎక్కువ పెరిగినట్టు చూపిస్తున్నారు కదా?

వేడిలెక్క: ఒకే రేనాల్డ్స్ దగ్గర పోల్చి ఉంటారు. విస్కాసిటీ 1.4 రెట్లయితే, అదే రేనాల్డ్స్‌కి వేగం 1.25 రెట్లు, పంపు పవర్ 2.2 రెట్లు కావాలి. ఆ పవర్ నీళ్లకే ఇచ్చి చూడమనండి. 1998లో పాక్, చో టర్బులెంట్ ప్రవాహంలో సగటు వేగం సమానంగా ఉంచి పోలిస్తే, 3 శాతం దగ్గర ఉష్ణ బదిలీ గుణకం నీళ్లకంటే 12 శాతం తక్కువే వచ్చింది.

కణంవెంట: సరే, లామినార్‌కి ఒప్పుకుంటా. కానీ కణాలు ముద్దకడితే? 40 నానోమీటర్ల కణం సెకనుకు 3 నానోమీటర్లు దిగుతుంది. 2 మైక్రాన్ల ముద్ద 7 మైక్రాన్లు. పంపు ఆపితే పది నిమిషాల్లో గొట్టం అడుగున మడ్డి. అది సింగిల్ ఫేజ్‌లో ఎలా కనిపిస్తుంది?

మెష్‌మేస్త్రి: కనిపించదు. అప్పుడు టూ-ఫేజే. కాకపోతే అందులో ఇవ్వాల్సిన సైజు పొట్లం మీద రాసిన 40 కాదు, డీఎల్ఎస్‌లో (కణాలు చెదరగొట్టే కాంతితో సైజు కొలిచే పద్ధతి) కొలిచిన ముద్ద సైజు.