గీత దాటినవాడికి శిక్ష ఎవరు వెయ్యాలి: స్టీవార్డులా, గ్రావెలా?

మూడో_గేరు:

ఇన్నాళ్లూ ఇక్కడ చదివి వెళ్లిపోవడమే తప్ప రాసింది లేదు. ఈ ఒక్క విషయం మాత్రం కడుపులో దాచుకోలేక రాస్తున్నాను. కాస్త పొడుగే, ఓపిక పట్టండి.

2023లో ఆస్ట్రియా ఫార్ములా 1 (ఎఫ్1) కార్ల రేసు గుర్తుందా? మేం ఏడుగురు స్నేహితులం ప్రతి రేసుకూ ముందు మొదటి ఆరు స్థానాలు ఊహించి గ్రూపులో రాసి పెట్టుకుంటాం. ఆ రోజు నాలుగో స్థానానికి డ్రైవర్ సైన్జ్ పేరు రాసింది నేనొక్కణ్ణే. రేసు అయిపోయింది, సైన్జ్ నాలుగోవాడిగా వచ్చాడు, నేను గ్రూపులో నానా హంగామా చేసి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే సైన్జ్ ఆరోవాడు! నన్ను ఏడిపించడానికి ఆరుగురూ సిద్ధంగా ఉన్నారు. ట్రాక్ లిమిట్స్, అంటే ట్రాక్ అంచు గీతలు, దాటినందుకు ఎనిమిది మందికి రేసు ముగిసిన కొన్ని గంటలకు స్టీవార్డులు, అంటే రేసు తీర్పరులు, పెనాల్టీలు వేశారు. ఎందుకంత ఆలస్యం అంటే, కెమెరాల్లో చూసి తేల్చాల్సిన సందర్భాలు 1200 దాటాయట. 71 ల్యాపుల రేసు అది. అంటే ల్యాపుకు దాదాపు 17 సార్లు ఎవరో ఒకరు గీత దాటారేమో అని ఎవరో ఒకరు కూర్చుని చూడాలి. దీన్ని రేసింగ్ అంటామా, పరీక్ష పేపర్లు దిద్దడం అంటామా?

రూల్ మీకందరికీ తెలిసిందే. నాలుగు చక్రాలూ తెల్ల గీత బయటికి పోతే తప్పు. మూడుసార్లు దాటితే నలుపు తెలుపు జెండా చూపించి హెచ్చరిస్తారు, నాలుగోసారికి 5 సెకన్లు. రూల్ చెడ్డదని నేననను. కానీ ఆ గీత బయట ఏముంది? నున్నటి తారు. బయటికి పోతే లాభమే గానీ నష్టం లేదు. అలాంటప్పుడు ఎవడు మాత్రం పోడు?

ఇది నేను నా చేతుల్తో చేసి తెలుసుకున్న సంగతి. నేను కార్టింగ్‌కు వెళ్లే ట్రాక్‌లో ఆఖరి మలుపు బయట పాత టైర్లు పేర్చి ఉండేవి. వాటికి తగిలితే స్టీరింగ్ మణికట్టును విరిచినంత పని చేసేది. ఆ మలుపులో అందరం బుద్ధిగా ఉండేవాళ్లం. ఒకసారి టైర్లు తీసేసి అక్కడ సిమెంటు పోసి, పసుపు గీత గీసి, దాటవద్దని బోర్డు పెట్టారు. వారం తిరక్కుండానే అందరి లైనూ ఆ సిమెంటు మీదుగానే. మొదట మొదలుపెట్టిందెవరో చెప్పమంటే సిగ్గుపడతాను.

అందుకే నా వాదన ఇది: గీత పక్కనే గ్రావెల్, అంటే గులకరాళ్ల పరుపు, పెట్టండి. పోయినవాడు గులకరాళ్లలో ఇరుక్కుంటాడు, లేదా రెండు సెకన్లు పోగొట్టుకుంటాడు. శిక్ష అక్కడికక్కడే, అందరి కళ్లముందే. ఇటలీలోని మోంజా ట్రాక్‌లో పారబోలికా అనే మలుపు బయట గ్రావెల్ తీసి 2014లో తారు వేశారు. ఆ మలుపును అప్పటి నుంచి నేను మునుపటిలా ఊపిరి బిగబట్టి చూడలేకపోతున్నాను.

భద్రత అక్కర్లేదనే మనిషిని కాను. 2018లో హేలో, అంటే డ్రైవర్ తల చుట్టూ ఉండే రక్షణ చట్రం, వచ్చినప్పుడు 'కారు మీద చెప్పు పట్టీ' అని వెక్కిరించిన వాళ్లలో నేనూ ఉన్నాను. 2020లో బహ్రెయిన్‌లో డ్రైవర్ గ్రోజాన్ కారు రెండు ముక్కలై మంటల్లో ఉన్నప్పుడు, ఆ మనిషి అందులోంచి తనంతట తాను ఎక్కి బయటికి వచ్చేదాకా నేను కుర్చీలో కూర్చోలేదు. ఆ వెక్కిరింత అక్కడితో సరి.

ఇంతకీ అడగాలనుకున్నది: గ్రావెల్ తిరిగి తెస్తే నిజంగా ప్రమాదం పెరుగుతుందా, లేక ఖర్చూ సౌకర్యం చూసుకుని చెప్పే మాటా? ట్రాక్ పక్కన పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

తెల్లగీత:

క్రికెట్లో బౌలర్ గీత దాటితే నో బాల్. గీత అవతల గుంత తవ్వమని ఎవరైనా అడిగారా? వీళ్లు ప్రపంచంలోకెల్లా గొప్ప డ్రైవర్లు. గీత లోపల నడపమంటే నడపాలి. అంతే.

ఇంకో మాట. గ్రావెల్ పెడితే కెమెరాలతో పని ఉండదనుకుంటున్నారు. 2024లో అదే ఆస్ట్రియాలో క్వాలిఫయింగ్‌లో, అంటే ఎవరు ఏ స్థానం నుంచి మొదలుపెట్టాలో తేల్చే పోటీలో, డ్రైవర్ పియాస్ట్రి ల్యాప్‌ను రద్దు చేసింది ఆరో మలుపు దగ్గర. అక్కడ బయట గ్రావెల్ ఉంది. అతను గ్రావెల్లోకి పోలేదు, గీత దాటాడు, అంతే. మూడో స్థానం పోయి ఏడో స్థానం నుంచి మొదలుపెట్టాడు.

మూడో_గేరు:

@తెల్లగీత, నో బాల్ అని మర్నాడు పొద్దున చెప్పరు కదా సార్.

బౌలర్‌కు గీత ఎదురుగానే ఉంటుంది. వీళ్లు పడుకున్నట్టు కూర్చుని, కళ్లు టైర్ల ఎత్తులో పెట్టుకుని, గంటకు 250 కిలోమీటర్ల దగ్గర మలుపు తిప్పుతారు. గీత కనిపించదు, గ్రావెల్ రంగు కనిపిస్తుంది. పియాస్ట్రి సంగతి మాత్రం ఒప్పుకుంటాను, అది నా వాదనకు తగిలే దెబ్బే.

పసుపు_జెండా:

ట్రాక్ పక్కన పనిచేసినవాళ్లు అన్నారు కాబట్టి రాస్తున్నాను. పన్నెండేళ్లుగా సెలవు రోజుల్లో మార్షల్‌గా, అంటే జెండాలు ఊపి, ఆగిన కార్లు తీసే మనిషిగా, వెళ్తున్నాను. పెద్ద రేసులు కావు, చిన్న సింగిల్ సీటర్లు, టూరింగ్ కార్లు. జీతం ఉండదు.

మూడో_గేరు గారూ, మీ లెక్కలో ఒక మనిషి లేడు. గ్రావెల్ డ్రైవర్‌కు శిక్ష వేస్తుందన్నారు, నిజమే. కానీ ఆ గ్రావెల్లో ఇరుక్కున్న కారును ఎవరు తీస్తారు? మేము.

ఒక వానరోజు చెబుతాను. ఒక కారు తిరిగిపోయి గ్రావెల్లో పొట్టదాకా కూరుకుపోయింది. చక్రాలు తిరిగేకొద్దీ ఇంకా లోపలికి పోతుంది. నలుగురం దిగాం. ఒకరు పారతో రాళ్లు తోడుతున్నారు, ఇద్దరం పట్టీ కట్టి లాగుతున్నాం, ఇంకొకరు ట్రాక్ వైపు చూస్తూ విజిల్ నోట్లో పెట్టుకుని నిలబడ్డారు. రెండు పసుపు జెండాలు ఊపుతున్నారు. రెండు జెండాలంటే ట్రాక్ మీదో పక్కనో మనుషులున్నారు, ఆగడానికి సిద్ధంగా ఉండండి అని. అయినా రెండో కారు సరిగ్గా అదే చోట అదుపు తప్పింది. విజిల్ వినపడింది, పరుగెత్తాను, ఎటో కూడా చూసుకోలేదు. వెనక్కి తిరిగితే ఆ కారు మా పట్టీకి పది అడుగుల దూరంలో ఆగి ఉంది. డ్రైవర్ కుర్రాడు హెల్మెట్ అద్దం పైకెత్తి 'సారీ అన్నా' అన్నాడు. ఏమనాలో తెలీక నేను 'పర్లేదు' అన్నాను. ఆ రాత్రి బూట్లు విప్పితే గుప్పెడు గులకరాళ్లు రాలాయి.

జపాన్‌లో సుజుకా 2014 రేసు అందుకే నాకు వార్త కాదు. వాన, సుటిల్ అనే డ్రైవర్ కారు గోడ దగ్గర, దాన్ని ఎత్తడానికి ట్రాక్టర్ లోపలికి వచ్చింది. తర్వాతి ల్యాపులో ఇంకో డ్రైవర్ బియాంకి అదే చోట జారి ఆ ట్రాక్టర్ కిందికి పోయాడు. 2015 జులైలో చనిపోయాడు. ఆ ఏడాదే వర్చువల్ సేఫ్టీ కార్ అనే పద్ధతి తెచ్చారు, అందరూ ఒకేసారి వేగం తగ్గించాలి కాబట్టి మాకు అది దేవుడు. అయినా 2022లో మళ్లీ సుజుకాలోనే, మళ్లీ వానలో, డ్రైవర్ గాస్లీ, ఆగిన కారును తీసే రికవరీ వాహనం పక్కనుంచి దూసుకుపోయాడు. అది చూసి నేను టీవీ కట్టేశాను.

డ్రైవర్ల పేర్లు అందరికీ గుర్తుంటాయి. 2000లో మోంజాలో, 2001లో మెల్‌బోర్న్‌లో ఎగిరొచ్చిన చక్రం తగిలి పోయినవాళ్లు మార్షళ్లు. 2013లో కెనడాలో రేసు అయిపోయాక, ఆగిపోయిన కారును వెనక్కి తెచ్చే వాహనం కింద పడి పోయింది కూడా మార్షలే. ఎగిరే చక్రాలకు విరుగుడుగా వాటిని కారుకు తాళ్లతో కడుతున్నారు. ఇరుక్కున్న కారుకు విరుగుడు ఒకటే, అసలు ఇరుక్కోకుండా చూడటం. తారు వేస్తే కారు తనంతట తాను తిరిగి ట్రాక్ మీదికి వస్తుంది, మేము గోడ వెనకాలే ఉంటాం.

ఇంకోటి. గ్రావెల్ కార్లను ఆపుతుందన్న నమ్మకం కూడా పూర్తిగా పెట్టుకోకండి. కారు నేరుగా, నాలుగు చక్రాల మీద వస్తే ఆపుతుంది. పక్కకు తిరిగి వస్తే అంచు గుచ్చుకుని దొర్లిస్తుంది, 2016 మెల్‌బోర్న్‌లో అలోన్సో కారు చూశారుగా. తలకిందులుగా వస్తే అసలు ఆపదు. ఇంగ్లండ్‌లో సిల్వర్‌స్టోన్ 2022లో డ్రైవర్ జో గ్వాన్‌యూ గ్రావెల్ మీదుగా జారి, టైర్ల గోడ దాటి ఎగిరి కంచెకు కొట్టుకున్నాడు. కారు దొర్లితే తలను కాపాడాల్సిన, పైనుండే రోల్ హూప్ మొదటి దెబ్బకే విరిగింది, హేలో కాపాడింది. మరుసటి సీజన్‌కు రోల్ హూప్ పరీక్షలు కఠినం చేశారు.

మోకాలి_గీతలు:

పసుపు_జెండా అన్నా, ముందుగా మీకు దండం.

కానీ ఇక్కడ అందరూ కార్ల సంగతే మాట్లాడుతున్నారు. మాకు, అంటే బైకుల వాళ్లకు, కథ తిరగేసి ఉంటుంది. పడ్డ రైడర్ తారు మీద అలా జారుతూనే ఉంటాడు, వెనకాల అతని బైకు కూడా. గ్రావెల్ అయితే ఇద్దరినీ ఆపుతుంది. ఎముక విరగొచ్చు, గోడ దాకా మాత్రం పోడు. బెల్జియంలోని స్పా ట్రాక్‌లో 2022కి ముందు కొన్ని మలుపుల్లో గ్రావెల్ తిరిగి పెట్టారంటే, అందులో బైకుల 24 గంటల రేసు అక్కడికి తిరిగి రావడం కూడా ఒక కారణం. ఒకే ట్రాక్ మీద రెండు రకాల పోటీలు జరిగినప్పుడు ఒకరికి మందు ఇంకొకరికి విషం.

ఇక పెనాల్టీల సంగతి. మా దగ్గర 2019 నుంచి లాంగ్ ల్యాప్ ఉంది. తప్పు చేస్తే ఒక మలుపు బయట గీసిన పెద్ద వంపు తిరిగి రావాలి, రెండు మూడు సెకన్లు పోతాయి, కళ్లముందే స్థానాలు పోతాయి. రేసు అయ్యాక లెక్కలు వెయ్యక్కర్లేదు. ఎఫ్1 వాళ్లు ఇది ఎందుకు తీసుకోరో నాకు అర్థం కాదు.

అలాగని మా దగ్గర గొడవల్లేవని కాదు. 2020లో స్టిరియా మోటో2 బైకుల రేసు ఆఖరి ల్యాపులో మార్టిన్ అనే రైడర్ ట్రాక్ అంచు బయటి ఆకుపచ్చ రంగు తొక్కాడని గెలుపు తీసి ఇంకో రైడర్ బెజ్జెకీకి ఇచ్చారు. ట్రాక్ అదే, మీ ఆస్ట్రియా ట్రాకే. ఆ ట్రాక్‌కు శాంతి పూజ చేయించాలి.

టైర్_వాసన:

గ్రావెల్, తారు అని కొట్టుకుంటున్నారు గానీ, రెడ్ ఫ్లాగ్ పడితే, అంటే రేసు మధ్యలో ఆపేస్తే, ఊరికే టైర్లు మార్చుకోనివ్వడం మీకెవరికీ కనిపించట్లేదా? మొనాకో 2024లో మొదటి ల్యాపులోనే రెడ్ ఫ్లాగ్. అందరూ టైర్లు మార్చేసుకున్నారు, టైర్ల కోసం తప్పనిసరిగా ఆగాల్సిన పిట్ స్టాప్ మొక్కు తీరిపోయింది. మొదటి పదిమందీ మొదలుపెట్టిన వరసలోనే ముగించారు. అది రేసా, ఊరేగింపా? 2025లో రెండు స్టాపులు తప్పనిసరి అన్నారు. కొన్ని టీములు ఒక కారును నత్తలా నడిపి వెనకవాళ్లను ఆపి, ముందున్న తమ రెండో కారుకు స్టాప్ చేసుకునే సందు ఇచ్చాయి. 2026లో కార్ల వెడల్పు 2 మీటర్ల నుంచి 1.9కి తగ్గింది. పది సెంటీమీటర్లతో మొనాకో మారిపోతుందనుకునేవాళ్లకు నా నమస్కారం.

తెల్లగీత:

@టైర్_వాసన, దానికి వేరే చర్చ మొదలుపెట్టండి. నేనూ వస్తాను తిట్టడానికి.

మూడో_గేరు:

పసుపు_జెండా గారూ, మీ జవాబు నిన్న రాత్రి చదివాను. వెంటనే రాయబుద్ధి కాలేదు. 'శిక్ష అక్కడికక్కడే' అని నేను రాసుకున్న వాక్యంలో ఆ శిక్ష సగం మీకు పడుతోందని నిజంగా తట్టలేదు. ఇన్నేళ్లు రేసులు చూస్తూ, కారు గ్రావెల్లో ఆగగానే నేను చూసేది అందరి వేగం తగ్గించే సేఫ్టీ కార్ వస్తుందా, పిట్ స్టాప్ ఎవరికి కలిసొస్తుంది అని. ఆరెంజ్ బట్టలవాళ్లు తెర మూలలో కదులుతుంటారు, అంతే.

మళ్లీ ఆలోచిస్తే, 2024లో ఆస్ట్రియాలో తొమ్మిది, పదో మలుపుల దగ్గర చేసిందే నాకు నచ్చుతోంది. గీత పక్కన సన్నటి గ్రావెల్ పట్టీ, దాని వెనక మళ్లీ తారు. పట్టీ ఎక్కినవాడికి టైర్లు మురికవుతాయి, సమయం పోతుంది, కానీ ఇరుక్కోడు. ఆ మలుపుల దగ్గర 2023 నాటి గోల మళ్లీ కనిపించలేదు. ఇందులో మీకు తప్పు కనిపిస్తే చెప్పండి. పియాస్ట్రి లాంటి కేసులకు మోకాలి_గీతలు చెప్పిన లాంగ్ ల్యాప్ పనికిరాదు, క్వాలిఫయింగ్ కదా. వాటికి కెమెరా తప్పదేమో. తెల్లగీత గారు సంతోషించవచ్చు.

పారబోలికా విషయంలో మాత్రం మారను.

పసుపు_జెండా:

సన్న పట్టీ మంచిదే. ఒక్కటే చిక్కు, దాని మీద నుంచి వచ్చినవాడు రాళ్లు ట్రాక్ మీదికి తెస్తాడు. వెనకవాళ్లకు జారుడు, ఒక్కోసారి పంక్చరు. చీపురు పట్టుకుని పరుగెత్తేది మళ్లీ మేమే. కానీ చీపురు పని పార పనికన్నా చాలా నయం, ఊడ్చి గోడ వెనక్కి వచ్చేస్తాం. ఒప్పుకుంటున్నాను.

మూడో_గేరు:

ఖాయం చేసుకున్నట్టే అయితే. ఇక మా గ్రూపులో కూడా రూల్ మార్చాం: రేసు ముగిసి గళ్ల జెండా పడినప్పుడు ఎవరు ఏ స్థానంలో ఉంటే అదే లెక్క, రాత్రి వచ్చే పెనాల్టీలతో పని లేదు. సైన్జ్ పాయింటు మాత్రం ఇంకా తిరిగివ్వలేదు వెధవలు.