పెన్సిల్వేనియా జింక వేట: పొదలో కదిలింది జింకేనని ఎలా తేల్చుకోవాలి?

కొత్తలైసెన్స్:
రైఫిల్ సీజన్‌కి నలుగురం వెళ్తున్నాం, ముగ్గురికి ఇదే మొదలు. పొదలో బూడిదరంగు ముక్క కదిలితే ఎంత చూశాక జింకని నమ్మాలి? తుపాకీ మీద స్కోప్ 3-9x40 ఉంది (3 నుంచి 9 రెట్లు పెద్దగా చూపేది, కటకం 40 మి.మీ.). బైనాక్యులర్ వేరే కొనాలా?

పాతకాపు:
కొనండి, 8x42 చాలు. స్కోప్‌తో వెతకడమంటే తూటా ఉన్న తుపాకీని ఏమిటో తెలియనిదాని మీదికి తిప్పడమే. అక్కడున్నది మనిషైతే గురి అప్పటికే కుదిరిపోయింది. పైగా 9x మీద కనబడేది చిన్న గుండ్రమే, పక్కవాడు మిగతావాళ్ళకి కనబడాలని పెట్టుకున్న నారింజ టోపీ అందులో పడదు.

కదలిక కనబడగానే ఎత్తాల్సింది బైనాక్యులర్. తల, మెడ, వీపు, ముందుకాలు కలిసి ఒకే జంతువుగా కనబడాలి. చెవి ఒక్కటే, తోక ఒక్కటే, ఆకుల చప్పుడు, ఇవి లెక్కలోకి రావు. 1988లో మెయిన్ రాష్ట్రంలో ఒకావిడ తన ఇంటి వెనకే వేటగాడి తూటాకి చనిపోయింది. ఆమె చేతులకి తెల్ల గ్లోవ్స్ ఉన్నాయి. అక్కడి జింక తోక అడుగుభాగం కూడా తెలుపే మరి.

మన దగ్గర చాలాచోట్ల మగజింకకి ఒక కొమ్ముకైనా 3 మొనలుండాలి. మొనలు లెక్కపెట్టేంతసేపు చూసినవాడు మనిషిని జింక అనుకోడు. ఆడజింక పర్మిట్‌కి ఆ అడ్డు లేదు, తొందరపాటు అక్కడే. తుపాకీ పేలకుండా ఆపే మీట, సేఫ్టీ, తీయడం అన్నిటికన్నా చివర.

గుట్టవాలు:
జింకేనని తేలినా సగం పనే అయింది, దాని వెనకేముందో చూడాలి. జింక వేటలో వాడే .30-06 రకం రైఫిల్ తూటా రెండు మైళ్ళు దాటి పోగలదు, జింకలోంచి దూసుకుపోయాక కూడా ప్రమాదమే. గుట్ట అంచున ఆకాశం వెనకగా నిలబడ్డ జింకని వదిలేయండి. చెట్టుమీది స్టాండ్ నుంచి కిందికి కాలిస్తే తూటా నేలలో దిగుతుంది, అదే మేలు. మనుషులుండే ఇళ్ళకి 150 గజాల లోపల, ఇంటివాళ్ళ అనుమతి లేకుండా, వేట అసలే కూడదు.

నలుగురూ ఎవరు ఏ వైపు కాల్చాలో తెల్లవారకముందే పంచుకోండి. ఒకడు చోటు మారితే ఆ పంపకం రద్దు. ఫోన్‌లో చెప్పి, అందరి జవాబూ వచ్చాకే కదలాలి.

నారింజకోటు:
తల, ఛాతీ, వీపు కలిపి 250 చదరపు అంగుళాల మెరిసే నారింజ ఉండాలి, ఏ పక్కనుంచి చూసినా కనబడాలి. చాలామంది వీపున బ్యాగ్ తగిలించి సగం దాచేస్తారు! బ్యాగ్ మీద కూడా నారింజ గుడ్డ కట్టండి. జింకకి నారింజ, ఆకుపచ్చ తేడా తెలియదు, కాబట్టి బెదురుతుందని భయం వద్దు. ఎండకి వెలిసిన కోటు మార్చేయండి.

కొత్తలైసెన్స్:
సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా కాల్చొచ్చంటున్నారు, అప్పుడు కనబడుతుందా?

పాతకాపు:
ఏడాదంతా ఆకులుండే హెమ్లాక్ చెట్ల కింద చాలాసార్లు కనబడదు. బైనాక్యులర్‌లో తల, మెడ విడివిడిగా తెలియకపోతే గడియారం ఎంత చూపించినా తూటాలు తీసేసి దిగిపోవడమే. దిగేటప్పుడు టార్చ్ వేసుకోండి.